గుడ్‌విల్ విలువ తగ్గిందని ఎవరు చెప్పాలి?

ఒక కంపెనీ మరో కంపెనీని దాని నికర ఆస్తుల విలువకు మించి చెల్లించి కొంటే, ఆ అదనపు మొత్తమే గుడ్‌విల్. 800 కోట్ల ఆస్తులు, 200 కోట్ల అప్పులు ఉన్న సంస్థను 1,000 కోట్లకు కొంటే గుడ్‌విల్ 400 కోట్లు. కొన్న కంపెనీ, అంటే మాతృసంస్థ, సొంత ఖాతాల్లో ఇది విడిగా కనిపించదు. అక్కడ షేర్లలో పెట్టుబడి 1,000 కోట్లు అని మాత్రమే ఉంటుంది. అనుబంధ సంస్థల ఆస్తులను, అప్పులను కలిపి గ్రూపు మొత్తానికి కన్సాలిడేటెడ్ ఖాతాలు రాసినప్పుడే అది పైకి తేలుతుంది. ఆ తర్వాత దాన్ని ఏం చేయాలన్న తగవు అకౌంటెంట్ల మధ్య తరాలుగా నడుస్తోంది.

గుడ్‌విల్ అన్న భావన కంపెనీల గ్రూపుల కంటే పాతది. పాత వినియోగదారులు పాత చోటికే మళ్లీ వస్తారన్న నమ్మకానికి మించి అందులో ఏమీ లేదని ఇంగ్లండ్‌లో లార్డ్ ఎల్డన్ 1810లోనే ఒక తీర్పులో తేల్చాడు. అంత పలచని వస్తువును బ్యాలెన్స్ షీట్‌లో ఎన్నాళ్లు ఉంచవచ్చన్న ప్రశ్నకు దేశానికో జవాబు వచ్చింది. అమెరికాలో 1970 నాటి నిబంధన 40 ఏళ్లకు మించకుండా ఏటా కొంత ఖర్చు రాయమంది. బ్రిటన్‌లో 1984 ప్రమాణం, కొన్న వెంటనే మొత్తాన్నీ రిజర్వుల నుంచి తీసేయడానికి మొగ్గు చూపింది. దీంతో లాభం చెక్కుచెదరలేదు గానీ, జోరుగా కంపెనీలు కొన్నవారి నికర విలువ కరిగిపోయింది. ఆ లోటు పూడ్చుకోవడానికి కొందరు బ్రాండ్లకు విలువ కట్టి ఆస్తుల్లో చూపడం మొదలుపెట్టారు. ఆహార సంస్థ ర్యాంక్స్ హోవిస్ మెక్‌డౌగల్ 1988లో తాను సొంతంగా పెంచుకున్న బ్రాండ్లను కూడా అలాగే చేర్చింది.

అసలు మలుపు 2001లో వచ్చింది. అప్పటిదాకా అమెరికాలో ‘పూలింగ్’ అనే మరో దారి ఉండేది. రెండు కంపెనీలు నిర్ణీత షరతులకు లోబడి విలీనమైతే, పుస్తక విలువలు కూడేసి గుడ్‌విల్ ఊసే లేకుండా గట్టెక్కవచ్చు. దాన్ని రద్దు చేసి, గుడ్‌విల్‌ను గరిష్ఠంగా 20 ఏళ్లలో ఖర్చు రాయాలని అమెరికా ప్రమాణాల మండలి 1999లో ప్రతిపాదించింది. కంపెనీలు, కాంగ్రెస్ సభ్యులు గట్టిగా ఎదురుతిరిగారు. చివరికి పూలింగ్ పోయింది, దాంతోపాటు ఏటా రాసే ఖర్చూ పోయింది. ఇకపై ఏడాదికోసారి ఇంపెయిర్‌మెంట్ పరీక్ష చేసి, విలువ పడిపోయినప్పుడే కోత పెడితే చాలు. సిద్ధాంతం కంటే బేరమే ఈ నిబంధనకు ఎక్కువగా రూపమిచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల మండలి కూడా 2004లో ఇదే బాట పట్టింది.

కొత్త నిబంధన తొలి ఏడాదే ఆవిరైన సొమ్ము ఎంతో బయటపడింది. అమెరికా మీడియా సంస్థ ఏఓఎల్ టైమ్ వార్నర్ 2002కు దాదాపు 9,900 కోట్ల డాలర్ల నష్టం చూపింది, అందులో సింహభాగం గుడ్‌విల్ కోతే.

అయితే ఈ పరీక్ష బలహీనత దాని నిర్మాణంలోనే ఉంది. గుడ్‌విల్ విడిగా డబ్బు సంపాదించదు కాబట్టి, దాన్ని నగదు ఆర్జించే ఒక విభాగానికి అప్పగించి ఆ విభాగం మొత్తాన్ని తూకం వేస్తారు. కొన్న వ్యాపారం చతికిలబడినా, అదే విభాగంలోని పాత వ్యాపారం బాగుంటే దాని మిగులు విలువ అడ్డుగోడలా నిలుస్తుంది. పైగా రాబోయే ఏళ్ల నగదు అంచనాలు వేసేది ఆ కొనుగోలు చేసిన యాజమాన్యమే. తాము ఎక్కువ పెట్టి కొన్నామని వాళ్లు తొందరగా ఒప్పుకుంటారా? 2016 చివర్లో బ్రిటన్ నిర్మాణ సంస్థ కారిలియన్ 150 కోట్ల పౌండ్లకు పైగా గుడ్‌విల్ చూపింది. 2018 జనవరిలో కుప్పకూలింది. ఒకసారి తగ్గించిన గుడ్‌విల్‌ను మళ్లీ పెంచే వీలు లేకపోవడం కూడా యాజమాన్యాల చేతులు కట్టేసే కారణమే.

భారతదేశంలో విలీనాలకు వర్తించే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 14 ప్రకారం గుడ్‌విల్‌ను సాధారణంగా అయిదేళ్లలో ఖర్చు రాయాలి. కన్సాలిడేటెడ్ ఖాతాలకు 2001లో వచ్చిన ఏఎస్ 21 మాత్రం గడువేమీ పెట్టలేదు. 2007లో యూరప్ ఉక్కు సంస్థ కోరస్‌ను దాదాపు 1,200 కోట్ల డాలర్లకు కొన్న టాటా స్టీల్, యూరప్‌లో ఉక్కు గిరాకీ పడిపోయాక 2013లో సుమారు 160 కోట్ల డాలర్ల కోత పెట్టింది. అందులో అధికభాగం గుడ్‌విల్. 2016 ఏప్రిల్ 1 నుంచి 500 కోట్ల రూపాయలు, ఆపైన నికర విలువ ఉన్న కంపెనీలకు అంతర్జాతీయ ప్రమాణాల బాటలో రాసిన ఇండ్ ఏఎస్ ప్రమాణాలు తప్పనిసరై, మన దగ్గరా ఏటా పరీక్ష పద్ధతే స్థిరపడింది.

ఏటా ఖర్చు రాసే పద్ధతికి తిరిగి వెళ్లాలా అని అమెరికా, అంతర్జాతీయ మండళ్లు రెండూ ఏళ్ల తరబడి చర్చించి, 2022లో వద్దనుకున్నాయి. జపాన్ ప్రమాణాల్లో మాత్రం గుడ్‌విల్‌ను 20 ఏళ్లలోపు ఖర్చు రాయడం నేటికీ కొనసాగుతోంది.