నర్సాపురం లేసు అల్లిన చేతులు

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురుకు చూపించినవి ఏమిటి? ఆమె కుట్టిన అంగీలు, వస్త్రములు (అపొ. కార్య. 9:39). ఆ మాట చదివినప్పుడెల్లా నాకు మన నర్సాపురం గుర్తుకు వస్తుంది.

1836లో బౌడెన్, బీర్ దొరలు గోదావరి డెల్టాకు సువార్త తెచ్చారు. తరువాతి కాలంలో మిషనరీ కుటుంబాలు పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పి, అల్లినవాటిని తమ దేశంలోని స్నేహితులకు పంపి అమ్మించాయి. దారం, చిన్న కొక్కెపు సూది, ఓర్పు. పెట్టుబడి అంతే! 1900 తరువాత వర్తకులు రంగంలోకి దిగారు, లేసు ఓడలెక్కింది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ 1929 ఆర్థిక మాంద్యం వచ్చింది. లేసు తిండిగింజ కాదు గదా. డబ్బు తగ్గితే దొరల ఇండ్లలో మొదట మానుకొనేది ఇటువంటివే. అయినా ఆ పని ఆగలేదు.

నన్ను బాధించేది వేరే సంగతి. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు 1970ల చివర ఆ గ్రామాలు తిరిగి, 1982లో పుస్తకం ప్రచురించింది. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లే స్త్రీలను చుట్టూ ఉన్నవారు “ఇంట్లో ఖాళీగా కూర్చున్నవారు” అనే అనుకొనేవారట! కూలి అతి స్వల్పం. సామెతలు 31లోని గుణవతి తన నడికట్లను తానే వర్తకులకు అమ్మింది. నర్సాపురం స్త్రీకీ కొనేవానికీ మధ్య ఏజెంట్లు, వర్తకులు నిలిచారు.

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది.