ఎదుటి బండి వెలుగు

రాత్రివేళ ఎదురుగా వచ్చే మోటారుబండి దీపాలు మన కళ్ళను మిరుమిట్లు గొలుపుతాయి. ఆ క్షణంలో రోడ్డు ప్రక్కన నడిచే మనిషి డ్రైవరుకు కనబడడు. వెలుగు పెరిగితే చూపు తగ్గడమేమిటి? మోటారు దీపాల చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

తొలి మోటారుబండ్లకు నూనె దీపాలు, ఎసిటిలీన్ దీపాలు ఉండేవి. కాల్షియం కార్బైడుమీద నీటిబొట్లు పడినప్పుడు పుట్టే వాయువే ఎసిటిలీన్. 1912లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీ తన కార్లకు విద్యుద్దీపాలను అమర్చింది. దారి బాగా కనబడసాగింది. దానితోబాటు ఎదుటివారికి బాధ కూడా పెరిగింది. 1915లో దీపాన్ని క్రిందికి వంచే ఏర్పాటు వచ్చింది. కాని అందుకు డ్రైవరు బండి ఆపి, దిగి, చేతితో వంచవలసి వచ్చేది!

1924లో జర్మనీలో 'బైలక్స్' బల్బు వెలువడింది. ఇందులో ఒకే గాజుబుడ్డిలో రెండు తంతువులున్నవి. ఒకటి పుటాకార దర్పణపు నాభివద్ద ఉండి కాంతిని దూరానికి పంపుతుంది. రెండవది నాభికి కొంచెం ముందు ఉంటుంది. దాని క్రిందనున్న చిన్న రేకు, కాంతి దర్పణపు క్రింది సగంమీద పడకుండా అడ్డుకొంటుంది. అందువల్ల పై సగంమీద పడిన కాంతి మాత్రమే పరావర్తనం చెంది, నేలవైపు వంగుతుంది.

ఇక కంటిలో జరిగేదేమి? 1920-30 మధ్య అమెరికాలో హాలడే, ఇంగ్లండులో స్టైల్స్ దీనిని కొలిచి చూశారు. కంటి కటకం మొదలైన భాగాలు పూర్తిగా స్వచ్ఛమైనవి కావు. తీవ్రమైన కాంతి వాటిలో చెదరి, రెటీనామీద పలుచని తెరవలె పరచుకొంటుంది. ఆ తెరలో మసక వస్తువులు కలిసిపోతాయి. మురికి పట్టిన గాజుపలకగుండా వెలిగే దీపం ప్రక్కనున్న వస్తువును చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. చూపుకు, దీపానికి మధ్య కోణం 10 డిగ్రీలనుండి 5 డిగ్రీలకు తగ్గితే, తెర సుమారు 4 రెట్లు చిక్కబడుతుంది. ఇరుకు రోడ్లమీద ప్రమాదం ఎక్కువ కావడానికి ఇదొక కారణం. వయస్సుతో కంటి కటకం మసకబారుతుంది గనుక వృద్ధులకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

1957లో ఐరోపాలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఎదుటి బండి వచ్చే వైపు కాంతిని తగ్గించి, రోడ్డు అంచువైపు మాత్రం కొంచెం పైకి పోనిచ్చారు. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి, మనకు ఎడమవైపున. కనుక అక్కడి దీపాన్ని తెచ్చి మన బండికి బిగిస్తే, ఆ పైకి లేచిన కాంతి సరిగా ఎదుటివాని కంటిలోనే పడుతుంది.

తరువాత 1962లో హాలోజన్, 1991లో జెనాన్, 2007లో ఎల్.ఇ.డి. దీపాలు కార్లకెక్కాయి. ఎదుటి బండిని కెమెరాతో గుర్తించి, అంతమేరకే కాంతిని తొలగించే దీపాలను 2022లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. ఆ యంత్రం లేని బండ్లలో ఆ పని డ్రైవరు చేతిలోనే ఉన్నది. మీట నొక్కి దీపం దించితే, దారిప్రక్క మనిషి ఎదుటివాని కంటికి మళ్ళీ కనబడతాడు.