చిక్కుకొన్న పీడనము: బొగ్గుగనులలో ద్రవయంత్రముల కథ

కాజీపేట - బల్లార్షా రైలుమార్గముపై మంచిర్యాలకు, బెల్లంపల్లికి నడుమ మందమర్రి ఉన్నది. పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 నుండి మంచిర్యాల జిల్లాలోనిది. కల్యాణిఖని గనులవలన ఈ ఊరికి పేరు వచ్చినది. అచ్చటి జనులు గనిని 'బాయి' అందురు. బాయిలోనికి దిగిన మనిషికి మొదటి భయము నెత్తిమీది కప్పు. ఆ కప్పును మోయుటకు, బొగ్గును ఎత్తుటకు మనిషి ద్రవముల బలమును వాడుకొన్నాడు. అయితే ఆ బలము యంత్రములో చిక్కుకొని, పని ఆగిన తరువాత కూడ ప్రాణము తీయగలదు. దానిని క్షేమముగా విడిపించుట ఎట్లో నేర్చుకొనుటకు చాలకాలము పట్టినది.

1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ త్రవ్వుటకు హక్కు పొందినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. ఆ కాలమున కప్పుకు ఆధారము కట్టెదుంగలే. దుంగకు ఒక సుగుణము కలదు: విరుగబోవు ముందు అది చిటచిట చప్పుడు చేయును. ఆ చప్పుడు విని పనివారు ప్రక్కకు తప్పుకొనెడివారు. బలమైన లోహయంత్రములు వచ్చిన తరువాత ఈ హెచ్చరిక లేకపోయినది.

ద్రవయంత్రములకు మూలసూత్రము 17వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు పాస్కల్ చెప్పినది. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట ఒత్తినచో ఆ పీడనము అన్ని దిక్కులకు సమానముగా ప్రాకును. 1 చదరపు సెంటీమీటరు ముషలకముపై 10 కిలోల బరువు పెట్టినచో, 100 చదరపు సెంటీమీటర్ల ముషలకము 1000 కిలోలను మోయగలదు. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఈ సూత్రముతో జలయంత్రమునకు పేటెంటు పొందినాడు. ముషలకము ప్రక్కనుండి నీరు కారుట అతనికి పెద్ద చిక్కు. అతని కర్మాగారములో పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే తోలుపట్టీతో ఆ చిక్కు తీర్చినాడని చెప్పుదురు. పీడనము పెరిగినకొలది ఆ పట్టీ మరింత బిగియును. పీడనమును బంధించు విద్య అట్లు చేతికి వచ్చినది.

విడిపించు విద్యకు అంకురము అంతకుముందే పడినది. 1679లో డెనిస్ పాపిన్ ఎముకలను ఉడికించు మూసిన పాత్రను నిర్మించి, దానికి బరువుతో అణచిన కవాటమును అమర్చినాడు. ఆవిరి హద్దు మీరినపుడు కవాటము లేచి దానిని వదలును. నేటి వంటింటి కుక్కరు దాని సంతతియే.

రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటనులో విమానచక్రముల ద్రవయంత్రములు చేసిన డౌటీ సంస్థ గనులకు ద్రవస్తంభములను తయారుచేసినది. కప్పు బరువు నిర్ణీతమైన హద్దు దాటినపుడు స్తంభములోని కవాటము కొంచెము తెరుచుకొనును. స్తంభము కొద్దిగా క్రుంగి, విరుగక నిలుచును. 1983లో గోదావరిఖనిలోను, 2014లో రామగుండము ప్రాంతపు అడ్రియాలలోను లాంగ్‌వాల్ పద్ధతి ఆరంభమైనపుడు ఇట్టి ఆధారములు వరుసగా నిలిచి కప్పును మోసినవి. మందమర్రి గనులలో తట్టలతో బొగ్గు నింపిన ఫిల్లర్ల పనిని ఎస్.డి.ఎల్. యంత్రములు అందుకొన్నవి. వాటి తొట్టిని ఎత్తునది నూనె పీడనమే.

మోటారు ఆగినచో యంత్రము చచ్చినట్లే యని తలచుట పొరపాటు. నూనె సుమారుగా సంకోచించనిది గనుక కొంచెము కారగానే పీడనము పోవలెను గదా యని ప్రశ్న రావచ్చును. పోకపోవుటకు కారణములు మూడు. పైకెత్తిన తొట్టి గాని, కప్పు గాని నూనెను నొక్కుచునే ఉండును. అక్యుములేటరు అను పాత్రలో నొక్కబడిన నత్రజని వాయువు స్ప్రింగువలె ఎదురుచూచుచుండును. రెండు కవాటముల మధ్య చిక్కిన నూనె వేడెక్కినచో, పాత్ర సాగనిదైనపుడు, ఒక్కొక్క డిగ్రీకి సుమారు 10 బార్ల పీడనము పెరుగును. లాంగ్‌వాల్ గొట్టములలో ఉండునది సుమారు 300 బార్లు, అనగా చదరపు సెంటీమీటరుపై దాదాపు 300 కిలోల ఒత్తిడి.

ఇంత ఒత్తిడితో సూదిబెజ్జము నుండి వెలువడు నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోవును. 1937లో రీస్ అను వైద్యుడు డీజిల్ ఇంజను నూనెతో జరిగిన ఇట్టి గాయమును వర్ణించినాడు. పైకి చిన్న చుక్కవలె కనబడినను లోపల కండ కుళ్లును. వెంటనే శస్త్రచికిత్స జరుగనిచో వ్రేలో చేయియో పోవచ్చును. కావున కారుచోటును చేతితో తడుమరాదు, అట్టముక్కతో చూడవలెను.

పీడనమును విడిపించు పద్ధతికి ఒక వరుస కలదు. ముందుగా తొట్టిని నేలకు దింపవలెను. బరువు పైన ఉన్నంతవరకు పీడనము ఉండును. కప్పు మోయు ఆధారమైనచో ప్రక్కన వేరొక స్తంభము నిలిపిన తరువాతనే దానిని సడలించవలెను. సడలించువాడు దూరమున నిలిచి త్రాటితో మీటను లాగవలెను. తరువాత మోటారు ఆపి, విద్యుత్తు తెంచి, స్విచ్చికి తాళము వేసి చీటీ కట్టవలెను. ఆపైన మీటలను రెండు వైపులకు పలుమార్లు కదపినచో నూనె తొట్టెలోనికి మరలును. మీటలతో వదలని భాగములకును, అక్యుములేటరుకును ఉన్న విడుదల కవాటములను మెల్లగా తెరువవలెను. చివర ప్రతి భాగమునందును పీడనమాపకము సున్న చూపుటను పరీక్షింపవలెను. ఒక గొట్టముపై సున్న ఉన్నంతమాత్రమున ప్రక్క గొట్టముపై ఉండునని నమ్మరాదు. పీడనము తీయుటకై కీలు విప్పరాదు. పీడనము తీసిన తరువాతనే కీలు విప్పవలెను.

ఈ సత్యమును తరగతిలో చూపుటకు సూదులు తీసివేసిన రెండు సిరంజులు, ఒక మెత్తని గొట్టము చాలును. నీరు నింపి, గాలిబుడగలు లేకుండ రెంటిని కలిపి, ఒకదానిని నిలువుగా పట్టి దాని పైన చిన్న పుస్తకము పెట్టవలెను. రెండవదానిని నొక్కి పుస్తకమును లేపి, గొట్టమును గట్టిగా మడిచి పట్టి, నొక్కిన చేతిని తీసివేయవలెను. ఒత్తిన చేయి పోయినను పుస్తకము పైననే నిలుచును. మడత మెల్లగా వదలినపుడు పుస్తకము దిగును. చేయి తీయుటకును, పుస్తకము దిగుటకును నడుమ నీటిలో దాగియున్నదే చిక్కుకొన్న పీడనము.