చట్టము జనులకు దెలియుట – పలనాటి కథ

శాసనమను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. రాజాజ్ఞయు శాసనమే, ఆ యాజ్ఞను జెక్కిన ఱాయియు శాసనమే. ఆజ్ఞాపించుటయు దానిని జనులకు దెలుపుటయు నొక్క పనిగనే పూర్వులు తలచిరని యీ పదమును బట్టియే మాకు దోచుచున్నది.

మన నాదెండ్ల యింటిపేరుగా గల యప్పామాత్యుడును గోపమంత్రియు తిమ్మరుసునకు మేనల్లుండ్రు. 1515లో కృష్ణదేవరాయలు కొండవీటిని జయించిన పిమ్మట నచటి పాలనమున వీరు ప్రసిద్ధికెక్కిరి. గోపమంత్రి నాటి కొండవీటి శిలాస్తంభమున (శక 1442, అనగా 1520) దేవాలయమునకై యే సరకుమీద నెంత చెల్లింపవలయునో వరుసగా జెక్కబడియున్నది. జొన్నలు, ఉప్పు, చింతపండు, ఇనుము, మిరియాలు – సంతలో నమ్ముడుపోవు వస్తువుల పట్టిక యది. అంతకుముందు 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో నోడ పగిలిన వర్తకుని సొత్తు నపహరింపమని యభయమిచ్చి, సుంకము ముప్పదింట నొక పాలని ఱాతిపై వ్రాయించెను. ఱాయి నిలిపినంతనే యందఱును జదివిరని మేమనము. కాని యూర నొక్క చదువరి యున్న జాలును. సుంకరి హెచ్చుగా నడిగినప్పుడు వ్రేలితో జూపుటకొక చోటుండెను.

ఇక 1882వ సంవత్సరపు మద్రాసు అటవీచట్టమును జూడుడు. అడవిని రిజర్వు చేయదలచినప్పుడు సెటిల్మెంటు అధికారి చుట్టుపట్ల గ్రామములందు బ్రకటన చేయవలయుననియు, దానివలన గలుగు ఫలితములను వివరింపవలయుననియు నం దాఱవ సెక్షను చెప్పుచున్నది. హక్కుగలవారు గడువులోపల దెలుపుకొనవలయును. తెలుపుకొననిచో సాధారణముగా నా హక్కు నశించును. కాగితముమీద నిది న్యాయముగనే యున్నది. అయితే తాతలనాటినుండి తన పశువు మేసిన గట్టు 'హక్కు' అను పేర నర్జీలో నెక్కవలసిన వస్తువని రైతునకెట్లు దోచును? గాలి పీల్చుటకు దరఖాస్తు పెట్టుకొందుమా? దండోరా వినబడినను దాని యర్థము వినబడదు. పుల్లరి కట్టుమని యడిగిననాడు, పశువులను బందెలదొడ్డికి దోలిననాడు మాత్రమే చట్టము వానికి దెలిసినది.

1921లో పలనాటి రైతులు పుల్లరి నిరాకరించిరి. ఉద్యోగులకు సాంఘిక బహిష్కారము విధించిరి. విషయము విచారింప వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారును మాడభూషి వేదాంతం నరసింహాచార్యులవారును నిర్బంధింపబడిరి. ఉన్నవవారు బారిస్టరు. చట్టము చదివినవాడు, రైతు భాష మాటలాడువాడు, రెండు పక్షములకును నడుమ నిలిచి విప్పి చెప్పగలవాడు చెఱసాల కేగెను. ఆయన మాలపల్లి నవల నచటనే వ్రాసెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు నేలకొరగెను. చెప్పగలవాని నోరు మూసి, తుపాకిచేత జెప్పించినట్లయినది.

స్వరాజ్యము వచ్చిన పిదప నీ లోపము తీఱినదా? 1966లో తెలుగు రాష్ట్రాధికారభాష యయ్యెను. అయినను 2022వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ భూమిహక్కుల చట్టము 2023 అక్టోబరులో నమలులోనికి వచ్చి 2024లో రద్దగువఱకు, మంచిదనువారును చెడ్డదనువారును బిగ్గరగా బలికిరే కాని, సెక్షను వెంబడి సెక్షనును రైతు కూర్చుండి వినునట్లు చదివి చెప్పినవా రెందఱు? భూమియే బ్రదుకుగా గల మన సంఘీయులకు భయము ముందుగా జేరినది, పాఠము వెనుకబడినది.

కావున మన సంఘపోషకులు సభామందిరములకిచ్చు విరాళములలో గొంత యిట్టి పఠనములకు వినియోగింతురేని బాగుండును. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టపు నాలుగవ సెక్షను ప్రకారము కార్యాలయములు తమ నియమములను, నిర్ణయములను, అడుగకమున్నే స్థానికభాషను గమనించి ప్రకటింపవలయును. ప్రకటింపనిచో నడుగవచ్చును. సాధారణముగా ముప్పది దినములలో నుత్తరమియ్యవలయును. ఈ రాష్ట్రపు నియమముల ప్రకారము దరఖాస్తు రుసుము మండల కార్యాలయమున 5 రూపాయలు, పై కార్యాలయములందు 10 రూపాయలు. గ్రామస్థాయిని నేమియు లేదు.