పిడికెడు బియ్యము

హైదరాబాదు పాతనగరమున హుస్సేనీ ఆలమను పేటయందు మేము చిరకాలముగా కాపురముండి బడిపిల్లలకు చదువు చెప్పుకొనుచున్నాము. చార్మినారునకు సమీపముననున్న ఈ పేటకు, ముహర్రము దినములలో ఇచ్చట నిలుపు ఆలమువలననే ఆ పేరు వచ్చినది. తెల్లవాఱక మునుపే బాంగు వినవచ్చును. మఱికొంత సేపటికి పొరుగింటి పూజగదిలో గంట మ్రోగును. బేరము నడుమ దుకాణపు తలుపు దగ్గరగా వేసి నమాజునకు పోవు వర్తకులను మేము ప్రతిదినమును చూచుచున్నాము. ఆరాధన దినచర్యలో కలిసిపోవుట యెట్టిదో ఈ పేటవారికి ఒకరు బోధింప నక్కఱలేదు. అయినను ఆ సంగతి మాకు నిజముగా బోధపడినది మసీదువలన గాదు, పూజగదివలన గాదు. మా యింట అంట్లు తోమ వచ్చిన యొక క్రైస్తవస్త్రీ వలన.

ఆమె మెదకు ప్రాంతపు పల్లెనుండి బ్రతుకుతెరువునకై నగరమునకు వచ్చినది. 2020వ సంవత్సరము అక్టోబరు నెలలో కురిసిన పెనువానకు పాతనగరమున అనేక బస్తీలు నీట మునిగినవి. ఆమె గుడిసెయు మునిగెను. ఇద్దఱు బిడ్డలతో నాలుగు దినములు మా పెరటి వసారాలో తలదాచుకొనెను. మా యింటనుండి బియ్యము, పప్పు ఇచ్చితిమి. వసారాలోనే పొయ్యి పెట్టుకొని వండుకొనెను. మొదటిదినముననే, బియ్యము కడుగకముందు అందులోనుండి ఒక పిడికెడు తీసి, వేఱుగా గుడ్డలో మూటకట్టుట మా యింటి యిల్లాలు చూచినది.

“ఉన్నవే కొంచెము గదమ్మా, అందులోనుండి తీసి దాచెదవేల?” అని అడిగెను.

“గిది మాది గాదమ్మా, దేవునిది. ఎసట్ల పోసేముందే తియ్యాలె. మా అవ్వ, ఆమె అవ్వ గూడ గిట్లనే తీసిండ్రు” అని ఆమె చెప్పినది.

ఇల్లు నీటిలో నున్నది; తినుచున్నది పరులిచ్చిన బియ్యము; అందులోను దేవుని భాగము మొదట తీయవలెనట. ఆ మాటను మేము మఱవలేకపోతిమి. ఆ పిడికెడు ఎక్కడనుండి వచ్చినదో వెదకుటయే ఈ వ్యాసమున మేము చేయబూనిన పని.

ముందుగా మాటల సంగతి చూతము. యూదుల హీబ్రూభాషలో ‘అవోదా’ యను నొకే పదమునకు పొలముపని యనియు, ఊడిగమనియు, దేవుని సేవ యనియు అర్థములు కలవు. గ్రీకులు ‘లితుర్గియా’ యన్నది మొదట పౌరులు ఊరిమేలునకై చేయు పని. క్రైస్తవులు ఆ పదమునే తమ ఆరాధనక్రమమునకు పేరుగా గైకొనిరి. మన సంస్కృతమున ‘సేవ’ యను పదము దేవునికిని యజమానునకును సమానమే. ‘ఉపాసన’ యనగా దగ్గఱ కూర్చుండుట. ఈ పదములను కట్టిన పూర్వులు పనిని, పూజను రెండు గదులలో బెట్టి నడుమ గోడ కట్టలేదు. గోడ తరువాత వచ్చినది.

తొలినాటి క్రైస్తవులకు ఆలయములు లేవు. వారు ఇండ్లలో కూడి, రొట్టె విఱిచి, కలిసి భుజించుచు ప్రార్థించుచుండిరి. పౌలు రోమాపురము వారికి వ్రాసిన లేఖలో దేహమునే సజీవమైన బలిగా సమర్పించుట తగిన సేవయని బోధించెను. పిమ్మట రాజాశ్రయము లభించినది. గొప్ప కట్టడములు లేచినవి. ఆరాధన గురువుల వృత్తియై, జనులు చూచువారైరి. ఆఱవ శతాబ్దమున ఇటలీదేశములో బెనెడిక్టు అను సన్న్యాసి తన మఠమువారికి ప్రార్థనయు కాయకష్టమును ఒకే దినక్రమములో నిమిడ్చి నియమములు వ్రాసెను. మన దేవాలయముల చరిత్ర నెఱిగినవారికి ఈ కథ క్రొత్తది గాదు. ఏ మతమందైనను ఆరాధన వీధినుండి గుడిలోనికి పోవుచుండును. ఎవరో యొకరు దానిని మఱల వీధిలోనికి తెచ్చుచుందురు.

తెలుగుదేశమున దానిని వీధిలోనికి తెచ్చినవారు పండితులు గారు. ఒంగోలు ప్రాంతమున యెఱ్ఱగుంట్ల పేరయ్య యను తోళ్లవర్తకుడు, మాదిగ కులస్థుడు, యోగమార్గమున గురువుల నాశ్రయించి దేవుని వెదకుచుండినవాడు, 1866లో క్రైస్తవుడాయెను. ఆ సంవత్సరముననే అమెరికా బాప్తిస్టు మిషనువాడైన జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడెను. పేరయ్య వెంట వచ్చిన పల్లెజనులకు క్లౌ పెట్టిన నియమములు ముఖ్యముగా మూడు: విగ్రహములకు మ్రొక్కరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, ఆదివారము పని చేయరాదు.

చదువరులారా, ఈ మూడును వినుటకు సులభములుగా దోచును. కాని ఆనాటి మాదిగవాని బ్రతుకును తలచి చూడుడు. ఊరిలో పశువు చచ్చిన దానిని మోసికొనిపోవలసినవాడు అతడు. దాని మాంసమే అతని కూలిలో ఒక భాగము. జాతరలో డప్పు కొట్టవలసినవాడు అతడు. కొట్టనన్న, ఏటేట రైతు కొలుచు గింజలు నిలిచిపోవును. ఆదివారము పనికి రాననుట సెలవు కోరుట గాదు. తన దినములలో ఒకటి తనదేయని, తరతరములుగా ఆ మాట వినని యజమానునితో చెప్పుట. అందువలననే దెబ్బలు తగిలినవి, బావులు మూయబడినవి, పని పోయినది. మన యిండ్లలో ఆదివారము విశ్రాంతిదినము. వారికి అది వారమున మిక్కిలి కష్టమైన దినము.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును గొప్ప కఱవు పీడించెను. సర్వేపని యెఱిగిన క్లౌ, బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగమును త్రవ్వించు పని దొరతనమువారినుండి గుత్తకు దీసికొని వేలమందికి కూలి కల్పించెను. కూలికొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండునట్లు, కఱవుపని సాగినంతకాలము ఎవరికిని బాప్తిస్మ మీయక నిలిపివేసెను. ఆ పని ముగిసిన తరువాత 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

అయినను ఆ మాట రాకపోలేదు. ‘బియ్యమునకై మతము మాఱినవారు’ అని చదువుకొన్న మనవారు నాటినుండి నేటివఱకు ఎత్తిపొడుచుచునేయున్నారు. మేమును మా చిన్ననాట ఆ మాట నన్నవారమే. కఱవులో అన్నము పెట్టినవాని మాట ఆకలిగొన్నవాడు వినుట నిజమే. అందు సిగ్గుపడవలసినవాడు ఆకలిగొన్నవాడా, అన్నముండియు పెట్టనివాడా? ఈ ప్రశ్న యటుండనిండు. ఆ జనులు పిమ్మట బియ్యముతో ఏమి చేసిరో చూతము.

నిజాము రాజ్యమున, సింగరేణి బొగ్గుగనులకు రైలు చీలు డోర్నకలు ఒక చిన్న యూరు. నేడది మహబూబాబాదు జిల్లాలోనిది. తిరునల్వేలి సీమలో 1874లో జన్మించిన వేదనాయకము శామ్యూలు అజరయ్య, 1909లో అచ్చటికి బోధకుడై వచ్చెను. తమిళుడయ్యు తెలుగు నేర్చి, పల్లెలు తిరిగెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు బిషప్పు పదవి నిచ్చిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన భారతీయులలో ఆయన మొదటివాడు. 1945 జనవరి 1వ తేదీన డోర్నకలులోనే కన్నుమూసెను.

ఆయన సంఘస్థులలో అధికసంఖ్యాకులు మాలలు, మాదిగలు. వారిలో చదువు వచ్చినవారు అరుదు. పుస్తకము చూచి ప్రార్థించువారు గారు కనుక, ప్రభువు నేర్పిన ప్రార్థనయు పది యాజ్ఞలును విశ్వాసప్రమాణమును కంఠస్థము చేయవలసి వచ్చెను. దినమంతయు పొలములో వంగి వచ్చినవారిని పల్లె ఉపదేశి సాయంకాలము కూర్చుండబెట్టి వాని వల్లె వేయించెడివాడు. బ్రాహ్మణ కులమున బుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) రచించిన కీర్తనలు మన రాగములలోనే యుండుటచే, భజనకు అలవాటుపడిన చెవులకు అవి పరాయివి గాలేదు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాల్గింటితో పోరాడుట ఆరాధనకు వెలుపలి పని యని అజరయ్య తలపలేదు. చేతులు కడుగుకొనుటయు, సారాయి మానుటయు, వడ్డీవ్యాపారికి వేలిముద్ర వేయకుండుటయు ఆ మ్రొక్కుబడిలోనివే.

ఇక కానుక సంగతి. ఆయన క్రైస్తవదానమును గూర్చి ప్రత్యేకముగా ఒక పుస్తకమే వ్రాసెను. బీదవాడు ఇయ్యలేడని ఆయన ఒప్పుకొనలేదు. పల్లెవారి చేత నాణెము లాడవు. కూలి గింజలే, కనుక కానుకయు గింజలే. వండునప్పుడెల్ల ఇల్లాలు పిడికెడు బియ్యము వేఱుగా కుండలో వేయును; వారాంతమున అది గుడికి చేరును. పంట చేతికి వచ్చిన పిమ్మట కోతపండుగనాడు ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు, కూరగాయలు తెచ్చి పీఠము ముందుంచుదురు. ఈ యాచారము డోర్నకలునకే పరిమితము గాదు; తెలుగు క్రైస్తవసంఘము లనేకములలో వేఱూనినది.

ఈ పిడికెడు చేసిన పని యేమి? తరతరములుగా ఆ స్త్రీలు ఆసాముల గుమ్మము వెలుపల నిలిచి, కొంగు పట్టి, మిగిలిన కూడు పెట్టించుకొన్నవారు. వారి కెవరో యొకరు పెట్టవలెను, వారు పుచ్చుకొనవలెను. ఆ పిడికెడుతో వారు ఇచ్చువారైరి. దినమునకు రెండుమారులు, పొయ్యి ముందు కూర్చుండి, ‘నాకును ఇచ్చుటకు కలదు’ అని ఆమె చేయి ఆమెకు చెప్పును. 1930వ దశాబ్దమున మహాత్మా గాంధి, బీదలయొక్క మతాంతరములను ఆక్షేపించినప్పుడు అజరయ్య ఆయనతో ఏకీభవింపలేదు. ఆ వాదమున ఎవరిపక్షము సత్యమో ఇచ్చట తీర్పు చెప్పుట మా యుద్దేశము గాదు. బియ్యమునకై వచ్చినవారను మాటకు మాత్రము ఆ స్త్రీల కుండ తగిన యుత్తరము.

మెదకు కథయు ఇట్టిదే. వెస్లియను మిషనుకు చెందిన చార్లెసు పాస్నెట్టు, కఱవుకాలమున పల్లెవారికి పనియు తిండియు దొరకునట్లుగా అచ్చట గొప్ప యాలయమును కట్టింప నారంభించెను. 1914లో మొదలైన ఆ పని ముగిసి 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. నూటడెబ్బది యడుగులకు మించిన దాని గోపురమును నేడు వేలమంది చూడబోవుదురు. డోర్నకలు ఆలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడినది. దానియందు మసీదు గుమ్మటములును హిందూదేవాలయ స్తంభములును కలసియుండును. రెండును చూడదగినవే. కాని మా యింట పనిచేసిన యామె అవ్వ, మెదకు గోపురమునకు రాయి మోసినదో లేదో మేమెఱుగము. పిడికెడు తీసినదని మాత్ర మెఱుగుదుము. ఆ యలవాటు రాతికన్న ఎక్కువగా ఆమె వంశములో నిలిచినది.

ఇట్లనుటచే ఆ సంఘములు నిర్దోషములని మా తాత్పర్యము గాదు. మాలలకును మాదిగలకును నడుమనున్న దూరము బాప్తిస్మముతో తొలగలేదు. ఒకే గిన్నెనుండి ప్రభురాత్రిభోజనము పుచ్చుకొనుటకు సందేహించినవారు కలరు. పై కులములనుండి వచ్చినవారు కులము పేరును, పెండ్లి కట్టుబాట్లను వెంట దెచ్చుకొనిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన డోర్నకలు ఆంగ్లికనులును మెదకు మెథడిస్టులును దక్షిణ ఇండియా సంఘమను ఒకే సంఘముగా నేకమైరి; ఇంగ్లండునుండి వచ్చిన భేదములు ఆ విధముగా తీఱినవి. మన పల్లెలలో బుట్టిన భేదములు అంత సులభముగా తీఱలేదు. ఆదివారము ఒకే పీఠమువద్ద మోకరించి, సోమవారము వేర్వేఱు బావుల నీరు త్రాగినచో, ఆ మోకరించుట సగమే యైనది. కొలత ఆదివారమున లేదు, సోమవారమున నున్నది.

ఆ కొలత వారికే గాదు, మాకును వర్తించును. ఈ వ్యాసము మొదట మేమొక మాట చెప్పి, దానిపై నిలువక దాటిపోతిమి. ఆమె వసారాలో పొయ్యి పెట్టుకొని వండుకొనెనని వ్రాసితిమి. ఏల? మా యింట వంటగది లేకనా? వాన జల్లు కొట్టుచుండ, తడిసిన పుల్లలను ఊదుచు ఆమె దగ్గుచుండగా, లోపల గ్యాసు పొయ్యి ఖాళీగా నుండెను. లోనికి రమ్మని మే మనలేదు, ఆమె యడుగలేదు. ఆమె నీళ్లు త్రాగిన లోటా వసారా మూలనే యుండెను. అస్పృశ్యతానివారణమును గూర్చి బడిలో ఏటేట పాఠము చెప్పు మేము, ఉదయము దీపము పెట్టి స్తోత్రము చదివి, ఆ లోటాను దాటుకొనుచు బడికి పోతిమి. నాలుగు దినములలో ఒక్కనాడును అది మాకు కనబడలేదు. పిడికెడు బియ్యము కనబడిన తరువాతనే లోటాయు కనబడినది.

నీరు తీసిన పిమ్మట ఆమె తన బస్తీకి మరలిపోయెను. పోవుటకు ముందటి రాత్రి మా యిల్లాలు ఆమెను లోపలికి పిలిచి, కలిసి వండి, ఒకే పంక్తిని వడ్డించెను. అది గొప్పపనియని చెప్పుకొనుటకు వ్రాయుట లేదు. మూడు దినములు ఆలస్యమైనదని వ్రాయుచున్నాము. ఆ రాత్రియు, బియ్యము ఎసటిలో పోయుటకు ముందు, ఆమె మా డబ్బాలోనుండి పిడికెడు తీసి మా యిల్లాలివంక చూచినది. “తియ్యమ్మా” అని మా యిల్లాలు కొంగు పట్టినది.

మేము మతము మార్చుకొనలేదు. మార్చుకొనుడని ఎవరికిని చెప్పుట లేదు. చదువరులలో ఎవరి దేవుడు వారికి కలడు. ఎవరి పూజగది వారికి కలదు. ఆ గదినుండి వంటగదికి ఎన్ని యడుగులో, వంటగదినుండి పెరటి వసారాకు ఎన్ని యడుగులో, నేటి సాయంకాలము తమ యింట ఒకమారు లెక్క చూచుకొనుడని మాత్రము మనవి.