పుట బొమ్మ నుంచి చరిత్ర ఆధారం దాకా: అనంతపురం కరువు గ్రంథాల రూపాంతరం

1. ఉపోద్ఘాతం

అనంతపురం ప్రాంత కరువు చరిత్రను పరిశోధించేవారికి పాత గ్రంథాలు నేడు కంప్యూటర్ తెరపై దొరుకుతున్నాయి. స్కాన్ చేసిన పుటలు టిఫ్ బొమ్మలుగా మొదలై, పీడీఎఫ్ పత్రాలుగా మారి పాఠకులను చేరాయి. దీనివల్ల గ్రంథాన్ని తెరవడం సులభమైంది. అయితే తెరవగలగడం వేరు, అందులోని విషయాన్ని వెతికి పట్టుకోగలగడం వేరు. ఈ రెండింటి నడుమనున్న దూరాన్ని అనంతపురం జిల్లా చరిత్ర ఆధారంగా చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. టిఫ్ నుంచి పీడీఎఫ్

చిత్తూరు జిల్లాకు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం మిలియన్ బుక్ ప్రాజెక్టును చేపట్టింది. అందులో భాగంగా బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థల సహకారంతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రూపొందింది. ఒక్కొక్క పుటను ఒక్కొక్క టిఫ్ ఫైలుగా భద్రపరిచారు. సాధారణ బ్రౌజర్లు టిఫ్‌ను చూపలేవు కనుక పాఠకులకు అదనపు సాఫ్ట్‌వేర్ అవసరమయ్యేది. పుటలన్నిటినీ దింపుకొని ఒకే పీడీఎఫ్‌గా కూర్చే ఉపకరణాలను ఔత్సాహికులు తయారుచేసుకున్నారు. తరువాత ఆ సంపదలో పెద్దభాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి పీడీఎఫ్‌లుగా చేరింది.

ఈ మార్పులో పుట చెడిపోవలసిన పని లేదు. నలుపు తెలుపు టిఫ్ పుటలను కుదించడానికి వాడే గ్రూప్ 4 పద్ధతి ఫ్యాక్స్ కోసం పుట్టింది. పీడీఎఫ్ ఆ దత్తాంశాన్ని యథాతథంగా తనలో ఇముడ్చుకోగలదు. అసలు నష్టం అంతకు ముందే, స్కానింగ్ దశలోనే జరుగుతుంది. నలుపు తెలుపుల నడుమ బూడిదరంగుకు చోటు లేనందున వెలిసిన సిరా, పెన్సిల్ గుర్తులు, పటాలలోని రంగులు పోతాయి.

3. జిల్లా పేరు, వెతుకులాట

1876–78 నాటి మహాక్షామం ధాత కరువుగా జనస్మృతిలో నిలిచింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. అది 1882లో బళ్ళారి జిల్లా నుంచి ఏర్పడింది. కనుక గుత్తి, ధర్మవరం, పెనుకొండల కరువు వివరాలను బళ్ళారి జిల్లా పత్రాలలో వెతకాలి. కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలో ఉండేది. అందువల్ల డబ్ల్యు. ఫ్రాన్సిస్ 1905లో వెలువరించిన అనంతపురం గెజిటీర్ పరిధిలోకి కదిరి రాదు. దాని పూర్వచరిత్రకు గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్ (1875) చూడాలి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడటంతో ఈ చిక్కుకు మరో పొర చేరింది.

‘అనంతపురం’ అన్న మాటతో గ్రంథసూచిలో వెతికే విద్యార్థికి 1882కు ముందరి గ్రంథాలు తగలకపోవచ్చు. పుటలోని పాఠ్యం వెతకడానికి వీలైనప్పుడే ఆ గ్రంథాలలోని ఊరిపేరు దొరుకుతుంది. అక్కడా గుత్తి ‘గూటీ’గా, కడప ‘కడ్డపా’గా కనిపిస్తాయి. తెలుగు గ్రంథాలకు ఇబ్బంది మరింత ఎక్కువ. చాలా శీర్షికలను రోమన్ లిపిలో ఒక పద్ధతి లేకుండా నమోదు చేశారు. గుణింతాలు, ఒత్తులు మసకబారిన చోట అక్షరాలను గుర్తించే యంత్రమూ తడబడుతుంది.

4. ముగింపు

కరువు ప్రాంత చరిత్రలో ఊరే ప్రధానమైన ప్రమాణం. ఏ చెరువు తెగింది, ఏ ఊరు వలసపోయింది అన్న ప్రశ్నలకు జిల్లా సగటు సమాధానం కాదు. కనుక పీడీఎఫ్ తయారుచేసేవారు గ్రంథనామాన్ని తెలుగు లిపిలో, ముద్రణ సంవత్సరాన్ని, లోపించిన పుటలను, ఊళ్లకు నాటి జిల్లా, తాలూకాల పేర్లను ఫైలులోనే నమోదు చేయాలి. మూల టిఫ్ పుటలను కూడా భద్రపరచాలి. అక్షరాలను గుర్తించే సాధనాలు మెరుగుపడినప్పుడు మళ్లీ ఆ పుటల దగ్గరికే వెళ్లవలసి ఉంటుంది. విశ్వవిద్యాలయాల చరిత్ర, తెలుగు శాఖలు కలిసి ఇటువంటి స్థలనామ సూచికను సిద్ధం చేస్తే, తెరపై బొమ్మగా మిగిలిన పుట చరిత్ర రచనకు ఆధారమవుతుంది.