చక్రం పక్కన గుర్రం

మొన్న అప్రైజల్లో మా మేనేజర్ నన్ను ‘టీమ్‌కి వర్క్‌హార్స్’ అన్నాడు. పొగడ్తే. ప్రమోషన్ మాత్రం డెమోలు ఇచ్చే కుర్రాడికి వచ్చింది. ఆ ఉక్రోషంలో మాట పుట్టుక వెతుకుతుంటే దాని చుట్టం ఒకటి తగిలింది: ‘వీల్ హార్స్’.

అమెరికాలో రైళ్ళు రాకముందు పెన్సిల్వేనియా వైపు సరుకులు మోసినవి కనెస్టోగా బళ్ళు. ఒక్కో బండికి నాలుగో ఆరో గుర్రాలు, జతలు జతలుగా. అన్నిటికంటే ముందున్న జత ‘లీడర్లు’. బండిని ఆనుకుని, ముందు చక్రాల దగ్గర కట్టేవి వీల్ హార్సులు. బలమైనవాటిని, బెదరనివాటిని ఏరి మరీ అక్కడ కట్టేవారు. నొగ ఉండేది వాటి మధ్యే కాబట్టి బండి మలుపు తిరగాలన్నా, ఆగింది కదలాలన్నా వాటి మీదే భారం. అసలు పరీక్ష పల్లంలో. దిగుడులో ముందు జతలకి లాగే పనుండదు. బ్రేకుకి తోడు, వెనక నుంచి తోసుకొచ్చే బరువుకి ఎదురు నిలబడాల్సింది ఈ రెండే. పైగా బండివాడు గుర్రం ఎక్కితే ఎక్కేది ఎడమ వీల్ హార్స్ మీదే!

19వ శతాబ్దంలో మాట రాజకీయాల్లోకి వచ్చింది. పార్టీకి ఏళ్ళ తరబడి నోరెత్తకుండా చాకిరీ చేసేవాడు ‘పార్టీ వీల్ హార్స్’. బిరుదే అది.

మనకీ బండుంది. దాపటెద్దు, వలపటెద్దు అని పేర్లూ ఉన్నాయి. మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం గొడ్డు చాకిరీ, గానుగెద్దు బతుకు. జాలే తప్ప మెప్పు లేదు. ఇది మన భాషలో లోటనుకునేవాణ్ణి. ఇప్పుడు అదే నిజాయితీ అనిపిస్తోంది.

ఎందుకంటే మెప్పున్న చోట కూడా పేరు మిగల్లేదు. 1883 నుంచి 1889 దాకా కాలిఫోర్నియా డెత్ వ్యాలీ నుంచి మొహావీ రైలు స్టేషన్‌కి బోరాక్స్ తోలేవారు. 165 మైళ్ళ ఎడారి, నీళ్ళ ట్యాంకుతో కలిపి 30 టన్నులకి పైనే బరువు. లాగింది 18 కంచరగాడిదలు, 2 గుర్రాలు. చక్రాల దగ్గర కట్టింది ఆ గుర్రాలనే. 1891లో ఆ బోరాక్స్‌కి బ్రాండ్ పేరు పెట్టారు, ఇప్పటికీ అమెరికా దుకాణాల్లో దొరుకుతుంది: ‘20 మ్యూల్ టీమ్’. ఇరవయ్యీ కంచరగాడిదలే.